జాయినింగ్ డబ్బు కట్టేముందు: సికింద్రాబాద్ వాళ్లు అడిగే ప్రశ్నలు

2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో మంటలు చెలరేగి ఆరుగురు యువతీయువకులు చనిపోయారు. క్యూనెట్ అనే కంపెనీలో చేరడానికి తమ పిల్లలు డబ్బు కట్టారని కుటుంబాలు చెప్పడంతో ఆ కోణంలోనూ కేసు నమోదైంది. తమది గొలుసుకట్టు కాదు, డైరెక్ట్ సెల్లింగేనన్నది కంపెనీ వాదన. ఈ రెండింటికీ తేడా ఎక్కడుందన్నదే అందరి సందేహం.

నెట్‌వర్క్ మార్కెటింగ్ నేరమా?
సరుకు అమ్మి కమిషన్ తీసుకుంటే కాదు. మనిషిని చేర్పించినందుకు డబ్బు వస్తే నేరం. 1978 నాటి ప్రైజ్ చిట్లు, మనీ సర్క్యులేషన్ స్కీముల నిషేధ చట్టం ఉన్నది ఇందుకే. 2021 డిసెంబరు నాటి డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలూ పిరమిడ్ స్కీములు కూడదన్నాయి.

మాకు వస్తువు ఇచ్చారు కదా?
సెమినార్లలో అందరూ చెప్పే మాటే ఇది. ఆమ్వే కంపెనీ కూడా నిజంగానే సరుకులు అమ్మేది. అయినా ఆ స్కీము ప్రాథమికంగా 1978 చట్టం పరిధిలోకే వస్తుందని 2007లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. కాబట్టి వస్తువును కాదు, డబ్బు దారిని చూడండి. రేపటినుంచి కొత్తవాళ్లెవరూ చేరకపోతే మీ చేతికి ఏమైనా వస్తుందా? కమిషన్ ఆశ లేని మనిషి మీకిచ్చిన వస్తువును ఆ ధరకు కొంటాడా?

పోయింది నా డబ్బే. నామీదా కేసు పెడతారా?
పెట్టొచ్చు. ఆ చట్టం మూడో సెక్షన్ స్కీము నడిపేవాళ్లతో ఆగలేదు. సభ్యుడిగా చేరడం, డబ్బు తీసుకోవడం, పంపడం కూడా నిషిద్ధమే. శిక్ష మూడేళ్ల వరకు జైలు, లేదా ఐదు వేల వరకు జరిమానా, లేదా రెండూ. పోయిన డబ్బు రాబట్టుకోవాలని తమ్ముణ్నో రూమ్మేట్‌నో చేర్పించినవాడు బాధితుడూ అవుతాడు, నిందితుడూ అవుతాడు. ఫిర్యాదులు తక్కువ రావడానికి ఈ భయం ఒక కారణమనుకుంటాను. రెండోది చుట్టరికం. మనల్ని చేర్పించిన అప్‌లైన్ మన మేనమామే అయితే స్టేషన్‌కెళ్లి ఎవరు రాసిస్తారు? అయినా మన కింద చేరేవాళ్ల వరస, అంటే డౌన్‌లైన్, పెరగకముందే వెళ్లడం మేలు.

టీడీఎస్ కోస్తున్నారు, జీఎస్టీ నంబరుంది. ఇక భయమేముంది?
అవి పన్ను లెక్కలు, అనుమతులు కావు. 2024 అక్టోబరు నుంచి కమిషన్ మీద టీడీఎస్ 2 శాతం. అది కోసినంత మాత్రాన స్కీము సక్రమమైపోదు. ఆదాయం రిటర్నులో చూపాల్సిందే.

చేరేముందు ఏం అడగాలి?
రాతపూర్వక ఒప్పందం, దేశంలో కంపెనీ ఆఫీసు చిరునామా, జరిమానా లేకుండా తప్పుకునే గడువు. చేరిక రుసుము ఉండకూడదని కేంద్రం 2016లోనే మార్గదర్శకాలిచ్చింది. ఆ రుసుము అడిగారంటే లేచి వచ్చేయండి.

ఫిర్యాదు ఎక్కడ?
వస్తువు, రీఫండ్ గొడవైతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. చేర్పింపుల మోసమైతే పోలీసులు. డబ్బు ఆన్‌లైన్‌లో పోతే వెంటనే 1930. వాట్సాప్ గ్రూపులోంచి కోపంతో బయటికొచ్చేముందు ఆదాయం గురించి వాళ్లిచ్చిన హామీలు, చెల్లింపు రసీదులు, మీ ఐడీ వివరాలు స్క్రీన్‌షాట్లు తీసి దాచుకోండి.