ప్రార్థన చేయించుకున్నవాడికే ఓటెయ్యాలా?

చిరంజీవి మేనల్లుడికి,



మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు మిరప కల్లంలో ఉన్నాను, చుట్టూ కాయలు ఏరే ఆడవాళ్లు. అలాంటి చోట తేల్చే మాట కాదని ఉత్తరం రాస్తున్నాను. "మన మందిరానికి వచ్చి ప్రార్థన చేయించుకున్నాయనకి కాకుండా ఇంకొకరికి ఓటేస్తే దేవుడికి ఎదురు తిరిగినట్టా మామయ్యా?" అని కదా నీ ప్రశ్న. కాదు. ఆ ముక్క ముందే చెప్పేస్తున్నాను.

ఎన్నికల నెలలో జరిగే తంతు నువ్వూ చూశావు. రెండో పాట సగంలో ఉండగా బయట కార్లు ఆగుతాయి. నాయకుడు చెప్పులు గుమ్మం బయట విప్పి లోపలికొస్తాడు, వెంట వచ్చినవాళ్లు విప్పరు. ఆడవాళ్లు చాపలు జరుపుకుంటారు, సంఘపెద్ద పరుగున కుర్చీ తెచ్చి ముందు వేస్తాడు. వాక్యం ఆగిపోతుంది. శాలువా కప్పడం, తలమీద చెయ్యి పెట్టడం, మైకులో ప్రార్థన. ప్రహరీగోడకో, స్లాబుకో, సౌండ్ బాక్సులకో మాట ఇచ్చి, కానుకల సంచిలో నలుగురూ చూసేటట్టు కవరు వేసి పావుగంటలో వెళ్లిపోతాడు. సాయంత్రానికి పక్క ఊరి రామాలయంలో తీర్థం పుచ్చుకుంటూ ఉంటాడు. ఆయన్ని నేను తప్పుపట్టను. ఓట్లడిగేవాడికి అన్ని గుమ్మాలూ తొక్కక తప్పదు. ఆ పావుగంటని సాక్ష్యం కింద జమకట్టుకోవడమే మన తెలివితక్కువతనం.

మతాన్నిబట్టి ఓటెయ్యడం ఒకప్పుడు మన దగ్గర చట్టమే, తెలుసా? 1935 చట్టం కింద మద్రాసు శాసనసభలో భారతీయ క్రైస్తవులకి 8 సీట్లుండేవి. ఆ ఓట్లు వేసేదీ క్రైస్తవులే. అదీ ఆస్తో చదువో ఉన్నవాళ్లు. మన పల్లెల్లో ఆ రెండూ ఎందరికున్నాయి గనక! 1949లో మైనారిటీల సీట్లు వద్దని రాజ్యాంగ సభ తీర్మానించినప్పుడు మన పెద్దలు అడ్డం పడలేదు. సభ ఉపాధ్యక్షుడు హెచ్.సి. ముఖర్జీ స్వయంగా క్రైస్తవుడు, ఆయన దానికి సుముఖుడే. అందరితో కలిసి, అందరికోసం ఓటెయ్యమని వాళ్లు మనకి అప్పగించిపోయారు. ఇప్పుడు మనమే వెనక్కి నడిచి "మనోడు" అంటూ కూర్చుంటే ఎలా?

అసలు ఆ "మనోడు" ఎవరో తేల్చు చూద్దాం. 1842లో హయ్యరు దొర గుంటూరు వచ్చాడు, లూథరన్ సంఘం పెరిగింది. 1866లో క్లౌ దొర ఒంగోలు వచ్చాడు, బాప్టిస్టు సంఘం పెరిగింది. లూథరన్లలో మాలలు ఎక్కువ, ఒంగోలు వైపు బాప్టిస్టుల్లో మాదిగలు ఎక్కువ. మాదిగ దండోరా పుట్టింది కూడా మన ప్రకాశం జిల్లా ఈదుమూడిలోనే, 1994లో. ఎస్సీ రిజర్వేషన్ల వర్గీకరణ మాటొస్తే ఒకే బైబిలు చదివే రెండు పేటలు రెండు పార్టీల వైపు చూస్తాయి. దాన్ని అవిశ్వాసం అనకు. అది అన్నం గొడవ, పిల్లల ఉద్యోగాల గొడవ. పార్టీల వాళ్లు "క్రైస్తవ ఓటు బ్యాంకు" అంటున్నప్పుడు నాకు నవ్వొస్తుంది. ప్రచారంలో జగన్ తల్లి విజయమ్మగారి చేతిలో బైబిలు చూసి మురిసిపోయినవాళ్లు మన పేటల్లో చాలామందే. అయినా 2019లో ఉమ్మడి గుంటూరు జిల్లాలోని 17 సీట్లలో 15 వైఎస్సార్ కాంగ్రెస్‌కి వస్తే, 2024లో ఒక్కటీ రాలేదు. రిజర్వుడు సీట్లు తాడికొండ, వేమూరు, ప్రత్తిపాడు కూడా చేతులు మారాయి. ఇక హెలికాప్టర్ గుర్తు మీద నిలబడ్డ సువార్తికుడు కె.ఏ. పాల్ గారి సంగతి చెప్పనే అక్కర్లేదు. ప్రసంగాలకి ఓట్లు పడేటట్టయితే ఆయన ఎప్పుడో ముఖ్యమంత్రి అయ్యేవాడు.

ఇంకో చిక్కుంది, దీన్ని మందిరంలో ఎవరూ పైకి అనరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం బాప్తిస్మం పొందిన దళితుడు ఎస్సీ కాదు, మన రాష్ట్రంలో బీసీ-సి. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని ఆ ఉత్తర్వులో చేర్చారు, మనల్ని చేర్చలేదు. అందుకే కాగితం మీద ఒక పేరు, ఆదివారం ఇంకో పేరు. 2011 లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో క్రైస్తవులు నూటికి ఒకటిన్నర మంది కూడా లేరు. మన జిల్లాల్లో పల్లెపల్లెకీ ఉన్న మందిరాలు చూసినవాడెవడైనా ఆ అంకె నమ్ముతాడా? సంతనూతలపాడు, కొండపి లాంటి రిజర్వుడు సీట్లో క్రైస్తవుడినని కాగితం మీద చెప్పుకున్నవాడికి నామినేషనే చెల్లదు. కనక అక్కడ అభ్యర్థి విశ్వాసం గురించి గుచ్చి గుచ్చి అడగడం కూడా అన్యాయమే. 2023 మార్చిలో మన అసెంబ్లీ దళిత క్రైస్తవులకి ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. మన పార్లమెంటు అభ్యర్థిని మందిరానికి పిలిస్తే ఈ సంగతి అడగండి. ప్రార్థన తర్వాత చేయించుకోవచ్చు.

మరి విశ్వాసానికి ఓటుతో పనిలేదా అంటావేమో. ఎందుకు లేదు! నిర్గమకాండం 18లో మోషేకి మామ యిత్రో ఇచ్చిన సలహా చదువు. ఎలాంటివాళ్లని న్యాయాధిపతులుగా పెట్టాలంటే సమర్థులు, దేవుడికి భయపడేవాళ్లు, లంచం అసహ్యించుకునేవాళ్లు అన్నాడు. సంఘానికి కానుక ఎంతిచ్చాడని అడగమనలేదు. అహాబు ఇశ్రాయేలీయుడే, నాబోతు ద్రాక్షతోట కాజేశాడు. కోరెషు అన్యుడు, చెరలో ఉన్నవాళ్లని ఇంటికి పంపించాడు. బైబిలు చదివేవాడికి ఈ తేడా తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

క్లౌ దొర రాసుకున్న సంగతొకటి నాకు చాలా ఇష్టం. తాళ్లకొండపాడు పేరయ్య, ఆయన వెంట మాదిగలు బాప్తిస్మానికి వస్తుంటే, ఒంగోలు బడిలో పిల్లల్ని చదివిస్తున్న బ్రాహ్మణులు కబురు పెట్టారు. వాళ్లని చేర్చుకుంటే మా పిల్లల్ని పంపం అని. పెద్దలు కావాలా, పల్లె కావాలా? దొర ఒక గదిలో, దొరసాని ఇంకో గదిలో బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే భాగం వచ్చిందట, కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో మొదటి అధ్యాయం. గొప్పవాళ్లని కాక లోకం తీసిపారేసినవాళ్లని దేవుడు ఏర్పరచుకున్నాడనే చోటు. దొర పల్లెని ఎంచుకున్నాడు. 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. మనకి విశ్వాసం వచ్చిన దారే అది. దాన్నిబట్టే అభ్యర్థిని చూడు. కాయ కోతకి వచ్చిన ఆడవాళ్ల కూలి ఆయన మనుషులు ఎగ్గొట్టారా? పత్తి కౌలుకి వేసినవాడికి సాగుదారు కార్డు రాకుండా భూస్వామి అడ్డం పడితే ఎవరి పక్కన మాట్లాడాడు? 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయి కేంద్రం క్వింటాలుకి 11,781 రూపాయలు ప్రకటించినప్పుడు గుంటూరు యార్డుకి వచ్చాడా, ఫొటోకి వచ్చాడా? మన సమాధుల స్థలానికి దారి లేదని ఎన్నేళ్లుగా మొత్తుకుంటున్నాం, పట్టించుకున్నాడా? కారంచేడు, చుండూరుల్లో దళితుల్ని చంపడం నీ పుట్టుకకి ముందు మాట. 2014లో చుండూరు కేసు హైకోర్టులో కొట్టేసినప్పుడు ఎవరు నోరు విప్పారో మాత్రం అడిగి తెలుసుకోవచ్చు.

ఇక, ప్రార్థన చేయించుకున్నాయనకే వెయ్యమంటున్న పాస్టరుగారి సంగతి. జగన్ ప్రభుత్వం పాస్టర్లకి నెలకి 5,000 గౌరవ వేతనం పెట్టింది, కూటమి ప్రభుత్వమూ కొనసాగించింది. అది ప్రజల సొమ్ము, ఓటుతో తీర్చే అప్పు కాదు. ప్రసంగపీఠం మీంచి ఫలానావాడికి వెయ్యండి అనడం ఎన్నికల నియమావళికి విరుద్ధం. మతం పేరుతో ఓట్లడగడం గురించి 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురి ధర్మాసనం గట్టిగానే చెప్పింది. రేపు ఎవరైనా కేసు పెడితే చిక్కుల్లో పడేది ఆయనే.

మిజోరంలో సంఘాలు ఇంకో పని చేస్తాయి. మిజోరం పీపుల్ ఫోరం అని పెట్టుకుని, అభ్యర్థులందర్నీ ఒకే వేదిక మీద కూర్చోబెడతారు. విందులూ ఆర్భాటాలూ చెయ్యబోమని పార్టీల చేత ముందే ఒప్పందం రాయిస్తారు. పంచాయతీ ఎన్నికల్లో మన ఊళ్లో ఆ మాత్రం చెయ్యలేమా? మందిరంలో కాదు, బడి దగ్గర చెట్టు కింద. పేటలు రెండూ రావాలి, ఊళ్లోవాళ్లూ రావాలి. యూత్ సెక్రటరీవి నువ్వే కదా, మొదలుపెట్టు.

పాస్టరుగారితో వాదనకి దిగకు. మంచివాడు, కొందరు పెద్దల మాట తీసెయ్యలేక అంటున్నాడు. ఈ ఉత్తరం ఆయనకి చూపించు, నాకేం అభ్యంతరం లేదు. అమ్మని అడిగానని చెప్పు.

మీ మామయ్య