గొంతుకు గొట్టం – దారి చూపే ధ్వని

కిందటేడు మా బోరబండ హాస్టల్ మిత్రుడొకరి నాన్నగారు పది రోజులకు పైగా వెంటిలేటర్ మీద ఉన్నారు. మెడకు రంధ్రం చేసి గొట్టం పెట్టాలి, సంతకం చేయండని డాక్టర్లు అడిగితే వాళ్ళమ్మగారు కాగితం పక్కన పెట్టి ఏడ్చారట. గొంతు కోశాక మనిషి దక్కడని ఆమె భయం. ఆ రాత్రి మిత్రుడు ఫోన్ చేసి అడిగితే మాలో ఎవరికీ జవాబు తెలియలేదు. పంజాగుట్ట నిమ్స్ ముందు రోజూ బస్సు దిగేవాళ్ళమే, ఐసీయూలో ఏం జరుగుతుందో మాకేం తెలుసు! మన హాస్టల్లోనే చదువుకుని ఇప్పుడు ఐసీయూ టెక్నీషియన్‌గా పనిచేస్తున్న అన్న తరువాత అంతా విడమరిచి చెప్పారు.

నోటి గుండా వేసిన గొట్టం ఎక్కువ రోజులుంటే గొంతు లోపల ఒరుసుకుపోతుంది. రోగిని మత్తులో ఉంచవలసి వస్తుంది. మెడ ముందు నుంచి నేరుగా శ్వాసనాళంలోకి గొట్టం పెడితే ఆ బాధ తగ్గుతుంది. దీన్నే ట్రెకియాస్టమీ అంటారు. కోలుకున్నాక గొట్టం తీసేస్తే చాలామందికి రంధ్రం దానంతటదే పూడుతుంది. గొట్టం ఉన్నన్నాళ్ళు మాట రాకపోవచ్చు, అంతమాత్రాన గొంతు పోయినట్లు కాదు. సూదితో గుచ్చి, తీగ పంపి, దాని మీదుగా రంధ్రాన్ని వెడల్పు చేసే పద్ధతిని 1985లో అమెరికా వైద్యుడు సియాగ్లియా ప్రకటించారు. అప్పటినుంచి ఈ పని మంచం దగ్గరే చేయడం వాడుకలోకి వచ్చింది.

చిక్కంతా సూది ఎక్కడ గుచ్చాలన్నదే. సన్నని మెడ అయితే వేలితో తడిమితే తెలుస్తుంది. లావు మెడ, వాచిన మెడ అయితే వేలికి ఏమీ అందదు. దారిలో రక్తనాళం అడ్డముంటే వేలు చెప్పలేదు.

బడిలో చదివిన ధ్వని పాఠం గుర్తు చేసుకోండి. మన చెవికి వినిపించేది 20,000 హెర్ట్జ్‌ల వరకే. మెడ మీద ఆనించే ప్రోబ్ కోటి హెర్ట్జ్‌ల దరిదాపుల్లో ధ్వనిని పంపి, ప్రతిధ్వనితో బొమ్మ గీస్తుంది. నిలువుగా పెడితే శ్వాసనాళపు ఉంగరాలు పూసల దండలా కనిపిస్తాయి. పైనున్న పెద్ద పూస క్రికాయిడ్ మృదులాస్థి. అక్కడినుంచి కిందికి లెక్కపెట్టి, సాధారణంగా రెండు, మూడు ఉంగరాల మధ్య చోటు చూసుకుంటారు. అడ్డంగా తిప్పితే థైరాయిడ్ గ్రంథి, రక్తనాళాలు బయటపడతాయి. చర్మం నుంచి నాళం ఎంత లోతో కొలిచి, సరిపడే గొట్టం ఎంచుకుంటారు.

అయితే గాలి ఈ ధ్వనిని ముందుకు పోనివ్వదు. నాళం వెనుక గోడ కనిపించదు. అందుకే కొందరు డాక్టర్లు బ్రాంకోస్కోప్‌తో లోపలినుంచి కూడా సూదిని చూస్తారు. యంత్రం ఉంటే చాలదు, చేయి తిరిగి ఉండాలి.

స్కానింగ్ అంటే గర్భిణులకే అనుకునేవాళ్ళం. లింగ నిర్ధారణను అడ్డుకునే 1994 చట్టం కింద ఐసీయూలోని అల్ట్రాసౌండ్ యంత్రాన్నీ నమోదు చేయించాలట!

మర్నాడు డాక్టరుగారు తెర చూపించి చెప్పాక అమ్మగారు సంతకం పెట్టారు. మాట రాని రోజుల్లో నాన్నగారు పలక మీద రాసేవారు. మొదట రాసింది మా మిత్రుడి పరీక్ష ఫీజు కట్టారా అని.