మన ఊరి చెరువు నడక: మొదలుపెట్టడం ఎలా?

చిత్తడి నేలలంటే ఇష్టపడేవాళ్లు చాలామంది ఏడాదికోసారి కొల్లేరుకో పులికాట్‌కో వెళ్లొచ్చి ఊరుకుంటారు. ఇంటి పక్కనున్న చెరువు ఏ నెలలో నిండుతుందో, మత్తడి ఎటు దూకుతుందో అడిగితే చెప్పలేరు. నేను రాస్తున్నది ఆ ఇంటిపక్క చెరువు కోసమే. నలుగురిని కూడగట్టుకుని, నెలకోసారి, ఎప్పుడూ అదే చెరువు చుట్టూ నడవడం ఎలాగో మొదటిసారి చేయబోయేవాళ్లకు చెప్పాలని.

చెరువు చిత్తడి నేల ఎలా అవుతుందని మీ గుంపులో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. 1971 ఫిబ్రవరి 2న ఇరాన్‌లోని రామ్‌సర్ పట్నంలో కుదిరిన ఒప్పందం సహజంగా ఏర్పడిన నీటి వనరులతో పాటు మనుషులు కట్టినవాటిని కూడా చిత్తడి నేలలుగానే లెక్కిస్తుంది. మన దేశం 1982లో అందులో చేరింది. అయితే 2017లో కేంద్రం తెచ్చిన చిత్తడి నేలల నియమాలు సాగునీటికీ తాగునీటికీ ప్రత్యేకంగా కట్టిన చెరువులను తమ పరిధి నుంచి తప్పించాయి. అంటే కాకతీయుల కాలం నుంచి మనవాళ్లు కట్టుకుంటూ వచ్చిన గొలుసుకట్టు చెరువుల్లో చాలావరకు ఆ నియమాల కిందికి రావు. నీటిని, నేలను, చెట్లను కాపాడే వాల్టా చట్టం ఉంది, రెవెన్యూ రికార్డులు ఉన్నాయి. కానీ చెరువు ఎక్కడిదాకా ఉండేదో, అందులో ఏమేం బతికేవో చెప్పగలిగిన మనుషులు చుట్టుపక్కల లేకపోతే ఆ కాగితాలను బయటికి తీయమని అడిగేదెవరు? నెలనెలా నడిచే గుంపు ఉండాలని నేను పట్టుబట్టేది అందుకే.

మొదటి పని: చెరువును ఎంచుకోవడం

పేరున్న చెరువే కానక్కర్లేదు. బస్సులోనో ఆటోలోనో తేలిగ్గా చేరగలగాలి, కట్ట మీద నడవడానికి దారి ఉండాలి, ఎక్కడో ఒకచోట నీడ ఉండాలి. వీటికంటే ముఖ్యంగా, చెరువుకు కనీసం ఒక పక్కన బురద అంచు మిగిలి ఉండాలి. సుందరీకరణ పేరుతో చుట్టూ రాతి గోడ కట్టేసిన చెరువుల్లో లోతు నీళ్లలో ఈదే బాతులు కనిపించవచ్చు గానీ, చీలమండ లోతులో బురదను పొడుచుకుని తినే ఉల్లంకి పిట్టలకు అక్కడ చోటుండదు. పల్లపు అంచు, తుంగ, జమ్ము, కాస్త లోతు నీళ్లు, నాలుగైదు తుమ్మ చెట్లు ఉన్న చెరువు దొరికితే ఇక వెతకొద్దు.

రెండో పని: ముందుగా ఒకరిద్దరే వెళ్లి రావడం

గుంపును పిలవకముందే చెరువును తెలుసుకోవాలి. కట్ట ఈ చివర నుంచి ఆ చివర దాకా నడవండి. తూము ఎక్కడుంది, మత్తడి ఎక్కడుంది (కొన్నిచోట్ల అలుగు అంటారు), బట్టలుతికే రేవు ఏది, కట్టమైసమ్మ గుడి ఎక్కడ, నీళ్లు తగ్గినప్పుడు చెరువు లోపలి శిఖం భూమిలో ఎవరు సాగు చేస్తారు, ఇవన్నీ చూసుకోండి. జారుడు చోట్లు, లోతు గుంతలు, కుక్కలు మందగా తిరిగే దారులు గుర్తుపెట్టుకోండి. మట్టి కోసం తవ్విన గుంతలు నీళ్ల కింద కనబడవు. పిల్లలను తీసుకొచ్చే ఉద్దేశం ఉంటే ఈ ఒక్క విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి.

ఆ తర్వాత చెరువు మీద బతికేవాళ్లను కలవాలి. చాలా చెరువుల్లో చేపల హక్కు మత్స్య సహకార సంఘానిది. తెల్లారేసరికి వల లాగుతుంటారు కాబట్టి ఆ హడావుడి సద్దుమణిగాక పలకరించండి. "అన్నా, నెలకోసారి ఓ పది మందిమి పిట్టలను చూడటానికి వస్తాం. మీ పనికి అడ్డం రాకుండా ఎటు నడవమంటవు?" అని అడిగితే చాలు. దారి చూపిస్తారు, చూడాల్సినవీ వాళ్లే చూపిస్తారు. తూము తీసి పొలాలకు నీళ్లు వదిలే నీరటి పని చేసిన పెద్దాయన ఊళ్లో ఇంకా ఉంటే తప్పకుండా ఇంటికి వెళ్లి కలవండి. ఏ ఏడు కట్ట తెగింది, ఏ తూము కింద ఎంత మడి పారింది, ఏ పిట్టలు ఎప్పుడు మానేశాయి, ఇవి ఏ కార్యాలయంలోనూ దొరకవు.

మూడో పని: పిలుపు

మొదటి నడకకు ఎనిమిది, పది మంది చాలు. పదిహేను దాటితే మాటలు పెరిగిపోయి పిట్టలు అవతలి ఒడ్డుకు పోతాయి. తెలిసినవాళ్లనే పిలవకుండా ఒక బడి పంతులును, ఒక రైతును, ఇద్దరు పిల్లలను, కాలనీలోని ఒక పెద్దావిడను కలుపుకోండి. నెలలో ఫలానా ఆదివారం అని శాశ్వతంగా పెట్టేసుకోండి, ప్రతిసారీ "ఎప్పుడు వీలు?" అని అడిగితే నాలుగో నెలకే గుంపు చెదిరిపోతుంది. వాట్సాప్‌లో పంపే కబురు ఇంతే ఉండాలి: ఏ చెరువు, కట్ట మీద ఎక్కడ కలుస్తాం, పొద్దున ఎన్నింటికి, ఎన్నింటికి అయిపోతుంది, ఏం తెచ్చుకోవాలి. మొదలుపెట్టడానికి నవంబరు మంచి నెల. వలస పక్షులు దిగి ఉంటాయి, ఎండ బాధ ఉండదు.

తెచ్చుకోవాల్సినవి తక్కువే. మట్టి రంగు బట్టలు, పట్టున్న చెప్పులు లేదా బూట్లు, టోపీ, నీళ్ల సీసా. బైనాక్యులర్ పది మందికి రెండున్నా సరిపోతుంది, 8x42 రకం కొత్తవాళ్ల చేతిలో కదలకుండా నిలుస్తుంది. ఒక నోట్‌బుక్ మాత్రం తప్పనిసరి.

నాలుగో పని: నడక

కలిసిన వెంటనే నడవడం మొదలుపెట్టకండి. కట్ట మీద ఒకచోట నిలబడి పావుగంట మాట్లాడకుండా చూడమనండి. కొత్తవాళ్లకు మొదటి ఐదు నిమిషాలు ఏమీ కనబడదు. ఆ తర్వాత ఒక్కొక్కటే బయటపడుతుంది. బురద రంగులో కలిసిపోయి కూర్చున్న గుడ్డికొంగ అప్పటిదాకా అక్కడే ఉండి ఉంటుంది, ఎగిరినప్పుడు తెల్లటి రెక్కలు చూసి అందరూ ఉలిక్కిపడతారు. నుదుట తెల్లటి మచ్చతో నామాల కోడి, మునిగి ఎక్కడో తేలే బుడుబుంగ, కర్ర మీద రెక్కలు ఆరబెట్టుకునే నీటికాకి, తీగ మీద లకుముకి. మొదటి రోజుకు ఈ ఐదూ గుర్తుపట్టగలిగితే చాలా ఎక్కువ.

ఒక పిట్ట దగ్గర ఎక్కువసేపు ఆగండి. నా మటుకు నేను కొత్తవాళ్లను ఓపెన్‌బిల్ కొంగ దగ్గర ఆపుతాను. దాని పై ముక్కూ కింది ముక్కూ కొసన కలుస్తాయి గానీ మధ్యలో సందు ఉంటుంది. పిల్ల కొంగకు ఆ సందు ఉండదు, పెరిగాకే వస్తుంది. అది బురదలో ముక్కు పెట్టి వెతికి నత్తను పట్టుకుంటుంది, గుల్లను పగలగొట్టకుండా కింది ముక్కు కొసను లోపలికి జొనిపి, కండను కోసి, నత్తను బయటికి లాగేస్తుంది. అది తిన్న చోట వెతికితే చెక్కుచెదరని ఖాళీ గుల్లలు దొరుకుతాయి. ఆ గుల్లను పిల్లల చేతిలో పెట్టి ఇది ఎలా ఖాళీ అయిందో చెప్పమనండి, ఇక ఆ నెల నడకను వాళ్లు మరిచిపోరు.

పేర్ల దగ్గర ఒక మాట. మన ఊళ్లలో గూడబాతులను, ఎర్రకాళ్ల పెద్ద కొంగలను "సైబీరియా పక్షులు" అనడం అలవాటైపోయింది, పత్రికలూ అలాగే రాస్తుంటాయి. అది నిజం కాదు. అవి ఈ ఉపఖండం పక్షులే, ఇక్కడే గూళ్లు కట్టి ఇక్కడే పిల్లల్ని పెంచుతాయి. చలికాలంలో ఉత్తరాది దూరదేశాల నుంచి వచ్చేవి సూదితోక బాతుల్లాంటివి. ఈ తేడా మొదటి నడకలోనే చెప్పాలి. ఎక్కడి నుంచో వచ్చిన చుట్టాలనుకుంటే పోయినా దిగులుండదు, మన దగ్గరే పుట్టినవని తెలిస్తే వాటి చెట్టు నరికినప్పుడు మనకు పట్టింపు ఉంటుంది.

పిట్టల మీదే కళ్లు పెట్టకుండా నీళ్లనూ చూడండి. రంగు, వాసన, నురగ, ఎక్కడి నుంచి మురుగు కలుస్తోంది, గుర్రపుడెక్క ఏ మూల నుంచి కమ్ముకొస్తోంది. గూళ్ల దగ్గరికి వెళ్లకూడదు. ఫోన్‌లో పిట్ట కూత వినిపించి రప్పించకూడదు. డ్రోన్ ఎగరేయకూడదు. మరమరాలు, రొట్టె ముక్కలు నీళ్లలో వేయకూడదు. వీటిలో మినహాయింపులు లేవు.

ఐదో పని: కూర్చోవడం

రెండు గంటల నడక తర్వాత చెట్టు కిందో గుడి అరుగు మీదో అరగంట కూర్చోండి. ఫ్లాస్కుల్లో చాయ్, ఇంటి నుంచి తెచ్చిన అటుకులు. ఒక్కొక్కరు తాము చూసిన ఒక్క సంగతి చెప్పాలి, పిల్లలు ముందు. గుంపు నిలబడేది ఈ అరగంట వల్లే. పక్షుల జాబితా ఒక్కరే చదివి ముగించే గుంపుల్లో మిగతావాళ్లు శ్రోతలుగా మిగిలిపోయి మెల్లగా రావడం మానేస్తారు.

అక్కడే నోట్‌బుక్ నింపండి. తేదీ, సమయం, నీటి మట్టం, కనబడిన పక్షులు, మొక్కలు, ఊరివాళ్లు చెప్పిన మాటలు. నీటి మట్టానికి తూము మెట్లో రాతి స్తంభమో గుర్తుగా పెట్టుకుని, ఈ నెల ఎన్ని మెట్లు బయట ఉన్నాయో రాయండి. ఫోన్ వాడేవాళ్లు పక్షుల లెక్కను ఈబర్డ్ యాప్‌లో కూడా ఎక్కించవచ్చు. ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన, ఫిబ్రవరిలో నాలుగు రోజుల గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ జరుగుతాయి, రెండింటికీ మీ లెక్క పనికొస్తుంది. ఫిబ్రవరి 2 ప్రపంచ చిత్తడి నేలల దినం కాబట్టి ఆ వారం నడకకు బడి పిల్లలను పిలవండి.

మే నెలలో చెరువు ఎండిందని నడక ఆపొద్దు. ఎండిన చెరువులో పూడిక ఎంత పేరుకుందో, ఎక్కడ మట్టి తవ్వారో, చెరువు నిండు మట్టాన్ని చూపే ఎఫ్‌టీఎల్ రాళ్లు ఎక్కడున్నాయో కనబడేది అప్పుడే. వానలు పడ్డాక కప్పల అరుపు, తుమ్మ కొమ్మలకు గిజిగాడి గూళ్లు. బతుకమ్మ నాటికి ఊరంతా చెరువు దగ్గరికి వస్తుంది, మీ గుంపును ఊరికి పరిచయం చేసుకోవడానికి అంతకంటే మంచి సందర్భం లేదు.

ఏడాది నడిచాక, కావాలంటే

అందరూ చందాలేసుకుని ఒక దూరప్రయాణం పెట్టుకోండి. నేలపట్టులో నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. గుంటూరు దగ్గర ఉప్పలపాడులో ఊరి చెరువు చెట్ల మీదే కొంగల కాపురం. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో పక్షులు వస్తే ఊరికి మంచిదని నమ్ముతారు. 2002లో రామ్‌సర్ జాబితాకెక్కిన కొల్లేరును ఆటపాక వైపు నుంచి చూడవచ్చు. హైదరాబాద్ వాళ్లకు అమీన్‌పూర్ చెరువు దగ్గర, 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. అక్కడివాళ్లు తమ చెరువును ఎలా చూసుకుంటున్నారో అడిగి తెలుసుకోండి.

చివరగా, ఏదో ఒక నెల మీ చెరువులో టిప్పర్లతో మట్టి పోస్తుండటం కనబడవచ్చు. కట్ట మీద డ్రైవర్‌తో గొడవకు దిగొద్దు, పిల్లలుంటే అసలే వద్దు. తేదీ, చోటు తెలిసేలా ఫొటోలు తీసి, గ్రామ నక్షలో చెరువు హద్దు చూసుకుని, తహసీల్దారుకూ నీటిపారుదల శాఖ ఏఈకీ ఒకే అర్జీ ఇవ్వండి. అందరూ సంతకాలు పెట్టి, మీ నోట్‌బుక్‌లో ఆ మూలన ఏ నెల ఎంత నీరుందో రాసిన పేజీల జిరాక్స్ జతచేసి, రశీదు తీసుకుని రండి.