స్టేషనులో దిగిన పిల్లవాడు

విజయవాడ పెద్ద రైల్వే జంక్షను. చెన్నై బళ్లు, హైదరాబాదు బళ్లు, కోల్‌కతా బళ్లు ఇక్కడ ఆగుతాయి. ఇల్లు వదిలి వచ్చిన పిల్లలు కూడా వాటిలో దిగుతారు. నాన్న తాగి కొట్టాడని ఒకడు వస్తాడు. పనిలో పెట్టిన చోట ఉండలేక ఒకడు వస్తాడు.

అలాంటి పిల్లవాడు కనబడితే 1098కి ఫోను చేయాలి. డబ్బులు పడవు. రాత్రయినా పలుకుతారు. ఈ నంబరు 1996లో బొంబాయిలో మొదలైంది. స్టేషనులో ఉండే రైల్వే పోలీసులకు చెప్పినా సరే. ఆలస్యం మాత్రం చేయకూడదు. ప్లాట్‌ఫారం బతుకు అలవాటయితే పిల్లవాడిని మళ్లించడం కష్టం.

2015 నాటి బాలల న్యాయ చట్టం ఏం చెబుతోంది? దొరికిన పిల్లవాడిని 24 గంటల లోపల బాలల సంక్షేమ సమితి ముందుకు తీసుకురావాలి. ప్రయాణానికి పట్టిన సమయం ఇందులో కలపరు. సమితిలో ఒక అధ్యక్షులు, నలుగురు సభ్యులు ఉంటారు. వారిలో ఒక్కరైనా స్త్రీ ఉండాలి. పిల్లవాడిని ఇంటికి పంపాలా, హోంలో ఉంచాలా అన్నది వీరే తేలుస్తారు.

టికెట్టు కొని ఇంటికి పంపితే పని అయిపోయినట్టేనా? కాదు. ఏ దెబ్బలకు భయపడి వచ్చాడో ఆ దెబ్బలు ఇంట్లోనే ఉన్నాయి. మళ్లీ బండెక్కుతాడు. కాబట్టి ముందు ఇల్లు చూసి రావాలి. బడిలో చేర్చాలి. తండ్రి చేత తాగుడు మాన్పించాలి. ఇల్లు గడవని కుటుంబమైతే, అర్హత ఉంటే, మిషన్ వాత్సల్య పథకం కింద నెలకు 4,000 రూపాయల సాయం అడగవచ్చు. బడి ఒక శాఖది, ఆసుపత్రి ఇంకో శాఖది, సాయం మరో శాఖది. ఒకరి కాగితం ఇంకొకరికి అందకపోతే పిల్లవాడు మధ్యలో జారిపోతాడు.

హోంలో పెరిగినవాళ్లకు ఇంకో గండం ఉంది. 18 ఏళ్లు నిండితే హోం వదలాలి. మన ఇళ్లల్లో 18 నిండిన కొడుకుని బయటికి పొమ్మంటామా? అమ్మానాన్నల పేరు చెప్పలేని కుర్రాడికి అద్దెకు గది ఎవరిస్తారు? అందుకే 21 ఏళ్ల వరకు తోడ్పాటు ఇచ్చే ఏర్పాటు ఆ చట్టంలోనే ఉంది. అయితే ఆ కుర్రాడు గేటు దాటాక వెతుక్కుంటే లాభం లేదు. ఆధార్ కార్డు, బ్యాంకు ఖాతా, మార్కుల జాబితా ముందే చేతిలో ఉండాలి. ఐ.టి.ఐ.లో సీటో, పనో, పడుకునే చోటో ముందే చూడాలి.

ఇల్లు వదిలే పిల్లవాడు చాలాసార్లు ముందు బడి మానేస్తాడు. అది మొదట తెలిసేది టీచరుకి, ఇరుగుపొరుగుకి.

రాయండి: మీ వాడలో నెల రోజులుగా బడికి పోని పిల్లలెవరు? ఆ కాగితం బడికి తీసుకెళ్లి టీచరుకు చూపండి.