ఋతం, యోగం: కందకుర్తి సంగమం దగ్గర నిలబడి

పోయిన వీడియోలో ఋతం గురించి రెండు నిమిషాలే మాట్లాడాను. దాని మీద ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇది: "సృష్టి అంతా ఒక క్రమంలో నడుస్తుంటే ఇంక మనం చేసేదేముంది అన్నా? దేవుడిలో కలవడం అంటే ఆ క్రమంలోంచి బయటపడటమా?" వీడియోలో గబగబా చెప్పేసే విషయం కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. కొంచెం ఓపిగ్గా చదవండి.

మాది మోర్తాడ్. 2015 జూలైలో గోదావరి పుష్కరాలు వచ్చేసరికి నేను ఇంటర్ పూర్తిచేసి ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ కోసం చూస్తున్నాను. మా తాత నన్ను కందకుర్తి తీసుకుపోయాడు. మహారాష్ట్ర దాటి గోదావరి తెలంగాణలో అడుగుపెట్టేది అక్కడే. మంజీర, హరిద్ర వచ్చి కలుస్తాయి కాబట్టి త్రివేణి సంగమం అంటారు. (హరిద్ర అంటే సంస్కృతంలో పసుపు. పసుపు పండించే ఇంట్లో పుట్టి నాకు ఈ సంగతి ఇరవై ఏళ్లొచ్చాక గానీ తెలియలేదు.) మాకు పోచంపాడు దగ్గర. కానీ తాతకు సంగమంలోనే మునగాలి.

మునగడానికి నీళ్లేవి? ఆ ఏడు వానల్లేవు, పైనుంచి వరద లేదు. మేము పోయిన రోజు మోకాళ్ల లోతు కూడా లేదు. జనం ఒడ్డున షవర్ల కింద నిలబడి స్నానాలు చేశారు. నాకు చిరాకేసి, "నీళ్లే లేని పుష్కరమేంది తాతా?" అన్నాను.

"నీళ్లు రాకుంటే రాకపాయె. గురువైతే చెప్పిన టైముకు వచ్చిండు కదా బిడ్డా."

అప్పుడు నవ్వుకున్నాను. ఆ మాట అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది.

గురువు అంటే బృహస్పతి గ్రహం. ఆయన సింహరాశిలోకి వస్తే గోదావరికి పుష్కరం. పన్నెండు రాశులు, రాశికి సుమారు ఒక ఏడాది, అందుకే పన్నెండేళ్లకోసారి. కానీ గురువు సూర్యుడి చుట్టూ తిరగడానికి పట్టేది సరిగ్గా 12 ఏళ్లు కాదు, 11.86 ఏళ్లు. ప్రతి చుట్టుకూ ఏడాదిలో ఏడో వంతు తేడా మిగులుతుంది. ఏడు చుట్లకు, అంటే దాదాపు 83 ఏళ్లకు, అది ఒక ఏడాది అవుతుంది. అందుకే ఎప్పుడో ఒకసారి పన్నెండుకు బదులు పదకొండేళ్లకే పండగ వస్తుంది. 2010 తర్వాత హరిద్వార్ కుంభమేళా 2022లో కాకుండా 2021లో జరిగింది ఈ లెక్క వల్లే. మన పెద్దలు గ్రహాన్ని తమ లెక్కకు వంచాలని చూడలేదు, తమ లెక్కనే దిద్దుకున్నారు. ప్రొడక్షన్‌లో తేడా వస్తే డేటా తప్పు అని వాదించే మాలాంటివాళ్లు నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

ఋతం అనే మాట ఋగ్వేదంలో పదే పదే వస్తుంది. దాని ధాతువుకు అర్థం కదలడం, వెళ్లడం. కాబట్టి ఋతం గోడ మీద రాసి పెట్టిన రూల్ కాదు, సరైన తోవలో సాగే నడక. ఉషస్సు రోజూ వచ్చేది, నదులు పారేది ఆ తోవలోనే. ఋతువు కూడా అదే కుదురులోని మాట. ఈ క్రమానికి కాపలాదారు వరుణుడు. అవును, వానల కోసం మనం యాగం చేసే వరుణుడే.

ఇక్కడ నన్ను ఆపేసిన విషయం ఒకటుంది. ఋతానికి వ్యతిరేక పదం ఏమిటి? గందరగోళం అనుకుంటాం. కాదు, అనృతం. అనృతం అంటే అబద్ధం. అబద్ధం ఆడితే శిక్షించేదీ ఆ వరుణుడే. అంటే వాన పడటం, మాట మీద నిలబడటం వేదం దృష్టిలో ఒకే ఖాతాలోవి. తైత్తిరీయ ఉపనిషత్తులో శిష్యుడు చదువు మొదలుపెడుతూ ఋతాన్నే పలుకుతాను, సత్యాన్నే పలుకుతాను అని ముందు మాట ఇస్తాడు, తర్వాతే పాఠం.

ఇది కవిత్వం అనిపిస్తే మళ్లీ కందకుర్తికి రండి. అక్కడికి ఎగువన నాందేడ్ జిల్లాలో బాబ్లీ బ్యారేజీ ఉంది. రెండు రాష్ట్రాల నీటి తగాదా సుప్రీంకోర్టు దాకా పోయింది. 2013 ఫిబ్రవరి 28న తీర్పు వచ్చింది: ఏటా జూలై 1 నుంచి అక్టోబర్ 28 దాకా గేట్లు ఎత్తి ఉంచాలి. గురువు సింహరాశిలోకి రావడానికి మన సంతకం అక్కర్లేదు. గోదావరి కందకుర్తికి రావాలంటే మాత్రం ఇప్పుడు కొందరు మనుషులు ఒక మాటకు కట్టుబడాలి. క్రమంలో మన పని ఏముంది అన్న ప్రశ్నకు నా జవాబు ఇదే. గీత మూడో అధ్యాయంలో కృష్ణుడు చెప్పిన చక్రం కూడా ఇదే: అన్నం వాన వల్ల, వాన యజ్ఞం వల్ల, యజ్ఞం కర్మ వల్ల. తిరిగే ఆ చక్రంలో తన వంతు చేయనివాడి బతుకు వ్యర్థం అంటాడు. "యూనివర్స్ నీకోసం ప్లాన్ చేస్తోంది, నువ్వు ఊరికే నమ్ము" అనే రీల్స్‌కు, దీనికి చుట్టరికం లేదు.

మరి కలవడం? యోగం అనే మాటకు మూలం యుజ్. కలపడం అని ఒక అర్థం, కాడికి కట్టడం అని ఇంకో అర్థం. ఎడ్లను చూసినవాళ్లకు ఇది వెంటనే తెలుస్తుంది. కాడి కిందికి వచ్చిన ఎద్దు పొలంలోంచి బయటపడదు, పొలంలోకే పోతుంది. తాత యోగా మ్యాట్ ఎన్నడూ చూడలేదు. మృగశిర కార్తె వస్తుందంటే పసుపు కొమ్ము సిద్ధం చేసుకునేవాడు, తొమ్మిది నెలలు దాని వెంట నడిచేవాడు, తవ్వి ఉడికించి ఎండబెట్టి మార్కెట్‌కు పంపేవాడు. ధర పడిపోయిన ఏడు తిట్టుకునేవాడు. మళ్లీ మృగశిరకు పొలంలో ఉండేవాడు.

ముండకోపనిషత్తు చెప్పే పోలిక వేరు. నదులు సముద్రంలో కలిసినప్పుడు పేరు, రూపం వదిలేసినట్టు జ్ఞాని పరమాత్మలో కలుస్తాడు అంటుంది. మంజీర బీడ్ జిల్లా బాలాఘాట్ కొండల్లో పుట్టి, 700 కిలోమీటర్లకు పైగా నడిచి, దారిలో నిజాంసాగర్ నింపి, బోధన్ పొలాలకు నీళ్లిచ్చి కందకుర్తికి వస్తుంది. ఆ తర్వాత ఎవరూ మంజీర అనరు. గోదావరే. పేరు పోయింది. నీళ్లెక్కడికీ పోలేదు, శ్రీరాంసాగర్‌లో నిలిచి కాలువల్లో పడి పొలాలకే పోతున్నాయి.

ఈ పోలిక మీద ఆచార్యులు ఒక మాట మీద లేరు. శంకరుల ప్రకారం పోయేది పేరు, రూపం అనే హద్దులే, ఉన్నది ముందు నుంచీ ఒకటే. రామానుజుల ప్రకారం జీవుడు కరిగిపోడు, పరమాత్మకు శరీరంగా ఆయనలోనే ఉంటాడు. మధ్వుల ప్రకారం కలిసిన తర్వాతా భేదం ఉంటుంది. చదివేటప్పుడు నా మొగ్గు ఎప్పుడూ శంకరుల వైపే.

తాత పోయాక అస్థికలు కలపడానికి మళ్లీ కందకుర్తే వెళ్లాం. ఈసారి నది నిండుగా ఉంది. ఏటి మధ్యలోని పాత రాతి శివాలయం సగానికి పైగా మునిగింది. నాయన కుండ వంచాడు. ఒక్క నిమిషం నీళ్ల మీద బూడిద రంగు కనిపించింది, తర్వాత లేదు. శంకరుల మాట తలలో మెదులుతూనే ఉంది, కానీ ఆ రోజు నాకు రామానుజులే కావాల్సి వచ్చారు. ఆ పేరు పోకూడదనిపించింది. ఇప్పటికీ ఈ రెండింటి మధ్యే ఉన్నాను, వీడియోలో నేను ఎటూ తేల్చి చెప్పకపోవడానికి కారణం అదే.

వెళ్లి చూడాలనుకునేవాళ్లకు: కందకుర్తి రెంజల్ మండలంలో ఉంది, బోధన్ మీదుగా పోవచ్చు. జూలై తర్వాత, వరద వచ్చాక వెళ్లండి, లోతుకు మాత్రం దిగకండి. తర్వాతి గోదావరి పుష్కరాలు 2027లో. అప్పుడు నాయనను నేను తీసుకుపోతాను.