చాకుకు సాన ఇంట్లోనే

ప్రశ్న: కొని ఆరు నెలలైనా కాలేదు, స్టీలు చాకు టమాటాను కోయకుండా నలిపేస్తోంది. ఇంట్లోనే సాన పట్టుకోవచ్చా? – ఒక పాఠకురాలు

జవాబు: నిక్షేపంగా పట్టుకోవచ్చు. టమాటా నలిగినంత మాత్రాన చాకు పాడైనట్టు కాదు. వాడేకొద్దీ సన్నని వాదర కొంత అరుగుతుంది, కొంత పక్కకు ఒరుగుతుంది.

వంటింటి చాకుకు 1000 నంబరు సానరాయి సరిపోతుంది. నీటితో వాడే రకమైతే తడిపి, జారకుండా కింద తడిగుడ్డ పరవాలి. అసలు కిటుకంతా కోణంలో ఉంది: 15 నుంచి 20 డిగ్రీలు. కాగితం మూలను సగానికి, మళ్లీ సగానికి మడిస్తే 22.5 డిగ్రీలు వస్తుంది. చాకును అంతకన్నా కాస్త వాల్చి పట్టాలి. ఆ వాలు మారకుండా పిడి దగ్గర నుంచి మొన దాకా రుద్దుతూ పోతే, అవతలి వైపు వాదర వెంట సన్నని గరుకు పొర లేస్తుంది. అది వేలికి తగిలాకే వైపు మార్చాలి. చాలామంది తొందరపడేది ఇక్కడే! వేలిని వాదర వెంబడి జరపకూడదు, అడ్డంగా బయటికే జరపాలి. రెండు వైపులా అయ్యాక తేలికగా నాలుగైదుసార్లు రుద్దితే ఆ పొర రాలిపోతుంది.

రాయి లేదా? పింగాణీ కప్పును బోర్లిస్తే అడుగున నునుపు పూత లేని అంచు కనిపిస్తుంది. అప్పటికి అదే సాన.

ఇక గ్రానైట్ గట్టు మీద నేరుగా తరగడం మానాలి, చెక్కపలక వాడాలి. ఇనుప కత్తిపీటకైతే తుప్పును చింతపండుతో తోమి, కడిగి, పొడిగా తుడిచి, చుక్క నూనె రాయాలి.