మతిమరుపంతా వయసు వల్లే కాదు



పెద్దవారిని ఓ.పి.కి తీసుకొచ్చే కుటుంబాలు సాధారణంగా రెండు రకాలుగా మాట్లాడతాయి. "నాన్నగారు పక్కింటివాళ్ళ పేరు మరిచిపోతున్నారు, మతి పోతోందేమో" అని కొందరు భయపడతారు. "అమ్మ మూడు రోజులుగా మమ్మల్ని గుర్తుపట్టడం లేదు, పెద్ద వయసు కదా అని ఊరుకున్నాం" అని మరికొందరు అంటారు. మొదటి దానికి భయం అక్కర్లేదు. రెండవ దానికి ఆలస్యం పనికిరాదు. ఈ తేడా ప్రతి ఇంట్లోనూ తెలిసి ఉండాలి.

వయసుతో సహజంగా వచ్చే మార్పులు

నడివయసు దాటాక మెదడు మెల్లగా నిదానిస్తుంది. పేరు నోటిదాకా వచ్చి ఆగిపోతుంది, కాసేపటికి దానంతటదే గుర్తొస్తుంది. కళ్ళజోడు ఎక్కడ పెట్టారో వెతుక్కుంటారు. ఒకేసారి రెండు పనులు చేయడం కష్టమవుతుంది. కొత్త సెల్‌ఫోను వాడకం నాలుగైదు సార్లు చూపించాలి. అయినా తమ పనులు తాము చేసుకుంటారు. మాటల సంపద, అనుభవంతో వచ్చిన వివేచన అంత తొందరగా తగ్గవు.

ఎప్పుడు అనుమానించాలి?

1. అడిగిన ప్రశ్నే మళ్ళీ మళ్ళీ అడగడం, అడిగిన సంగతే గుర్తు లేకపోవడం.
2. ఏళ్ళుగా నడిచిన దారిలో తప్పిపోవడం.
3. అలవాటైన వంట, పింఛను లెక్క చేయలేకపోవడం.
4. స్వభావం మారడం, లేనిపోని అనుమానాలు.

ఇవి నెలల తరబడి పెరుగుతుంటే డిమెన్షియా కావచ్చు. 2023లో వెలువడిన అధ్యయనం ప్రకారం మన దేశంలో 60 ఏళ్ళు, ఆపైబడిన వారిలో ఇది సుమారు 7.4 శాతం మందికి ఉంది. అంటే ఎక్కువమందికి లేదు. అందుచేత మీకు మీరే తీర్మానించుకోకండి. థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ లోపం, మానసిక కుంగుబాటు, నిద్రమాత్రలు, కొన్ని జలుబు మాత్రల వల్ల కూడా మతిమరుపు వస్తుంది. చెవి సరిగా వినబడనివారు కూడా మరిచిపోయినట్లే కనబడతారు. వీటికి చికిత్స ఉంది. వచ్చేటప్పుడు వాడుతున్న మందులన్నీ ఒక సంచిలో వేసి తీసుకురండి.

అకస్మాత్తుగా వస్తే

నిన్నటిదాకా బాగున్నవారు ఈ రోజు తికమకగా మాట్లాడితే, లేదా పిలిచినా పలకకుండా మగతగా ఉంటే, అది వయసు కాదు, జబ్బు. మూత్రంలో ఇన్ఫెక్షన్, న్యుమోనియా, ఒంట్లో నీరు లేదా సోడియం తగ్గడం, షుగరు పడిపోవడం, కొత్తగా మొదలుపెట్టిన మందు ఇందుకు కారణం కావచ్చు. పెద్దవారిలో జ్వరం లేకుండానే ఇన్ఫెక్షన్ ఉండవచ్చు. అదే రోజు ఆసుపత్రికి తీసుకురండి.

మూతి వంకర పోయినా, ఒక చేయి పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా అది పక్షవాతం కావచ్చు. గడ్డను కరిగించే ఇంజెక్షను సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. లక్షణాలు మొదలైన సమయం గుర్తుపెట్టుకుని వెంటనే 108కి ఫోను చేయండి.

ఇంట్లో మనం చేయదగినవి

• బి.పి., షుగరు అదుపులో ఉంచండి. పొగాకు, మద్యం మానిపించండి.
• రోజూ నడిపించండి. కళ్ళు, చెవులు పరీక్ష చేయించండి.
• కళ్ళజోడు, తాళాలకు ఒకే చోటు కేటాయించండి. రోజువారీ మాత్రలు డబ్బాలో విడివిడిగా సర్దండి.
• నలుగురిలో "నేనెవరో చెప్పు చూద్దాం" అని పరీక్షించకండి. అది వారిని చిన్నబుచ్చుతుంది. "అమ్మమ్మా, నేను రెండో అమ్మాయిని" అని మీరే చెప్పండి.
• చేతిలో పని లాగేసుకోకండి. కూర తరగడం, మనవలకు కథ చెప్పడం, సంఘ కూడికలో ప్రార్థన చేయడం, ఏది చేయగలిగితే అది ఆలస్యమైనా చేయనివ్వండి.

మీ ఇంటి పెద్దలు ఆరు నెలల క్రితం ఎలా ఉన్నారో, ఇప్పుడు ఎలా ఉన్నారో పోల్చి చూడండి. ఆ తేడాను మొదట కనిపెట్టగలిగేది డాక్టరుగారు కాదు, కలిసి భోజనం చేసే మీరే.

ప్రభువు మీ ఇంటి పెద్దలను, వారిని చూసుకుంటున్న మీ చేతులను దీవించును గాక.

— నర్సింగ్ సూపరింటెండెంట్